అడుగున ఉండాల్సిన కార్డు

మా అన్న తల మీద రోజుకి ఎనిమిది గంటలు పద్దెనిమిది టన్నుల ఇనుము నడిచేది. కంపెనీ కాగితాల్లో దాని పేరు చలన ఆధార యంత్రం. మందగుట్ట ఏడో గనిలో అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికుంది? నాలుగు కాళ్ళు, వంగే మోకాళ్ళు, మూపు మీద మోయలేనంత బరువు. మావాళ్ళు చూసిన మొదటిరోజే ఒంటె అన్నారు, అదే ఖాయమైంది.

బొగ్గు గనిలో చివరి పనే అన్నిటికంటే చెడ్డ పని. ముందు సొరంగాలు తవ్వుతారు, మధ్యలో కప్పు నిలవడానికి బొగ్గు స్తంభాలు వదులుతారు. ఆఖర్న ఆ స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి వస్తారు. వెనక్కి వస్తుంటే ముందున్న కొండ కూలుతూ ఉంటుంది. మా నాన్న కాలంలో కర్ర దిమ్మెలు నిలబెట్టి, వచ్చేటప్పుడు గొడ్డలితో కొట్టి లాక్కునేవారు. అలా లాగుతూనే మా నాన్న పోయాడు. ఆయన ఉద్యోగం మా అన్న ఓదెలుకిచ్చారు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు, నాకు పదకొండు. వాడు గనిలోకి దిగాడు కాబట్టి నేను కంప్యూటర్ల చదువు చదివాను. ఈ విషయం వాడు ఒక్కసారి కూడా ఎత్తలేదు, నేను ఒక్కరోజు కూడా మరచిపోలేదు.

ఒంటెలు వచ్చాక లెక్క మారింది. మనిషికో ఒంటె. హెల్మెట్‌లో ఉండే బిళ్ళను బట్టి అది తన మనిషిని గుర్తుపట్టి, అతని నెత్తి మీదుగా నడుస్తుంది. మూడు కాళ్ళతో కప్పును మోస్తూ నాలుగో కాలు ముందుకు వేస్తుంది. దాని అసలు గొప్ప కాళ్ళలో ఉన్న చెవి. రాయి విరగడానికి ముందు లోపల చిటపటమంటుంది, అది మన చెవికి అందదు. ఒంటె ఆ చిటపటలు విని, ఈ కప్పు ఇంకా ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చెబుతుంది. ఆరేళ్ళలో ఏడో గనిలో కప్పు కూలి ఒక్క ప్రాణం పోలేదు. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లలు మొగుడు పనికి పోతే నిద్రపోవడం నేర్చుకున్నది ఒంటెలొచ్చాకే.

ఒక్కటే చిక్కు. ఒంటె కదిలిందంటే అది అప్పటిదాకా మోసిన చోట కప్పుకు దిక్కు ఉండదు. కాబట్టి ఏది ముందు కదలాలి, ఏది ఆఖర్న కదలాలి అన్నదాని మీదే లోపలి వాళ్ళ ప్రాణాలన్నీ నిలబడి ఉంటాయి.

ఆ ముందూ వెనకా ఉండేది ఒక పనుల బోర్డులో. పెళ్ళి పనులకీ, అపార్ట్‌మెంట్ కట్టడానికీ కూడా జనం వాడే మామూలు బోర్డే. ఒక్కో పనికి ఒక్కో కార్డు. గ్యాంగు పెద్దను సర్దారు అంటారు. షిఫ్టుకు ముందు సర్దారు తన ఫోనులో కార్డులను వేలితో పైకీ కిందికీ జరిపి పెడతాడు. లోపల పని ముగిసే వేళకు ఒకసారి సరిచూసి, అక్కడి నుంచే పంపుతాడు. ఎవరి కార్డు పైన ఉంటే వాడు ముందు వస్తాడు. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ ఆ బోర్డు చూసి, పై నుంచి ఒక్కో ఒంటెను కదిలిస్తాడు. ఆరేళ్ళు అలా నడిచాక కంపెనీకి ఆపరేటర్లు దండగ అనిపించారు. బోర్డులో ఉన్నదంతా ఒక డేటాబేస్‌లోకి ఎక్కిస్తే ఒంటెలే చదువుకుని కదులుతాయి కదా అన్నారు. గని పిల్లవు, నీకన్నా ఎవరికి తెలుసు అని ఆ పని నాకు అప్పగించారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

నలభై వేల కార్డులు. నెల రోజులు కూర్చుని వాటిని టేబుళ్ళుగా విడగొట్టాను. మనుషులకొక టేబుల్, ఒంటెలకొకటి, పనులకొకటి. ప్రతి పనికీ ఒక మనిషి నంబరు, ఒక ఒంటె నంబరు. ఒక్క కార్డు కూడా అనాథగా మిగల్లేదని నేను భుజాలు చరుచుకున్నాను. బోర్డు నుంచి దించిన ఫైలులో కార్డుకి ముప్పై వివరాలు ఉండేవి. రంగులు, తేదీలు, ఒకడి మీద ఒకడు రాసుకున్న వెటకారాలు. వాటి మధ్య ఒక దిక్కుమాలిన సంఖ్య. ఒక కార్డుకి 16384, ఇంకోదానికి 24576.5, మరోదానికి 65535. ఏమిటివని అరగంట చూశాను. తెర మీద బొమ్మ గీయడానికి వాడుకునే చెత్త అయ్యుంటుందని ఆ కాలమ్‌ను కొట్టేశాను. ఎవరినైనా అడగొచ్చు. అడగడానికి నామోషీ.

ఆ ఆదివారమే అన్న వాళ్ళ క్వార్టర్‌లో భోజనానికి కూర్చున్నాం. స్వరూప వదిన గని మీద ల్యాంప్ రూమ్‌లో పని చేస్తుంది, దీపాలు ఇచ్చి పుచ్చుకునే పని. ఆ రోజు ఆమెకు సెలవు. చేపల పులుసు పెట్టింది. అన్న ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కంచం పక్కనే మర్నాటి కార్డులు జరుపుతున్నాడు.

"తినేటప్పుడన్న అది పక్కకు పెట్టరాదుండ్రి," అంది వదిన.

"అయిపోయింది, అయిపోయింది. సదయ్యకు మోకాలు గుంజుతున్నదట, జర పైకి పెడ్త. జావీద్ పెండ్లాం దవఖానల ఉన్నది, వానికి పానమంత ఆడనే ఉంటది, వాన్ని గూడ పైకి." వేలు ఆగింది. "రాజమౌళి ఉరుకుతడు, ఆగమాగం మనిషి. ఆన్ని అందరికన్న ముందుగాల పంపితెనే మిగిలినోళ్ళకు నిమ్మళం."

"ఇదంతా ఎక్కడ రాస్తావన్నా?" అని అడిగాను.

"రాసుడేంది? పైన పెడ్త, కింద పెడ్త. గంతే."

"మరి నీ కార్డు?"

"సర్దారుది అడుగునుంటది. నా ఒంటె నాలుగు దార్లు కలిసేకాడ నిలవడ్తది, అందరు దాని కిందికెళ్ళే రావాలె. అది కదిలితె లోపటోళ్ళకు బాట బందే." ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "నీ కంప్యూటర్ల కూడ గట్లనే ఉంటది గద?"

ఉంటుందన్నాను. పులుసు ఇంకొంచెం వేయించుకున్నాను.

డేటాబేస్ టేబుల్‌కి పైనా కిందా ఉండవు. అది గోనెసంచి లాంటిది, చెయ్యి పెడితే ఏది అందితే అది బయటికొస్తుంది. ముందూ వెనకా కావాలంటే దాన్ని చెప్పే కాలమ్ ఒకటి ఉండాలి, ఆ కాలమ్ ప్రకారం ఇమ్మని అడగాలి. ఇది మొదటి ఏడాది పాఠం. నేను రెండేళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం కూడా. అయినా మూడు వారాలు అంతా సవ్యంగా నడిచింది. సర్దార్లు పాత బోర్డులోనే కార్డులు జరిపేవారు, నా ప్రోగ్రాము వాటిని పై నుంచి ఒక్కొక్కటే చదివి టేబుల్లోకి వేసేది, వేసిన క్రమంలోనే టేబుల్ తిరిగి ఇచ్చేది. అది కేవలం అదృష్టం. నేను దాన్ని నా తెలివి అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పాత కార్డులన్నీ టేబుల్లోంచి తుడిచేశాను. ఊరికే చోటు తింటున్నాయని మేనేజరు పట్టాభి గారు రెండు రోజులుగా పోరు పెడుతున్నారు. వేల కొద్దీ ఖాళీలు ఏర్పడ్డాయి. ఒంటి గంటకు అన్న లోపలి నుంచి పంపిన ఏడు కార్డులు ఆ ఖాళీల్లో ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చున్నాయి.

ఒంటిగంటా నలభైకి నాలుగో ప్యానెల్‌లో, అంటే అప్పుడు తవ్వుతున్న గని భాగంలో, ఆఖరి స్తంభం తవ్వడం పూర్తయింది. కప్పు బరువెక్కుతోంది, అరగంట నిలుస్తుంది అని ఒంటెలు చెప్పాయి. అది రోజూ ఉండేదే. వెనక్కి రమ్మని ఆజ్ఞ వెళ్ళింది. ఒంటెలు టేబుల్‌ను అడిగాయి. టేబుల్ ముందు శ్రీశైలం కార్డు ఇచ్చింది. అది ఐదోది.

నేను కంట్రోల్ రూమ్‌లో టీ తాగుతున్నాను. తెర మీద శ్రీశైలం ఒంటె కాలెత్తడం చూశాను. ఆ సమయానికి రాజమౌళి, అందరికన్నా ముందు తనే వెళ్ళాలి కదా అని, ఆ ఒంటె కిందుగా పరుగెడుతున్నాడు. ఒంటె జరిగింది. దాని వెనకాల లారీ అంత బండ ఒకటే ముక్కగా దిగింది. లోపలి వాళ్ళతో మాట్లాడే ఫోను లైనులో ముందు ఏమీ వినిపించలేదు, తరువాత ఒక అరుపు వినిపించింది. ఆ అరుపు మనిషిదని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"రాజమౌళి పోయిండు!" మొగిలి గొంతు చీరుకుపోతోంది. "నడుం కాడికెళ్ళి కింద ఏం లేదు! పేగులు బయిటికొచ్చినయ్, ఇంక చూస్తనే ఉన్నడు! నన్ను చూస్తనే ఉన్నడు!"

రాజమౌళి అరుపు నిమిషం పైన సాగింది. కంట్రోల్ రూమ్‌లో అందరం నిలబడి విన్నాం. ఆ నిమిషంలోనే తెర మీద శ్రీశైలం పని పక్కన పూర్తయింది అని పడింది.

"ఆపండి! అన్నీ ఆపేయండి!" అని పట్టాభి గారు నా కుర్చీని పట్టుకుని ఊపేస్తున్నారు. ఆ సరికే నేను ఆపేశాను. ప్రతి పని పక్కనా ఆగు అని రాశాను. మిగిలిన ఒంటెలు ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. రాయి ఎవరి మాటా వినదు కాబట్టి అది మాత్రం ఆగలేదు.

లైనులో అన్న వచ్చాడు. "మమతా, ఏందే ఇది? ఐదోది ముందుగాల కదిలింది."

"వరుస పోయిందన్నా. నేనే పోగొట్టిన. టేబుల్ల పైనా కిందా లేదు."

వాడు నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. రాళ్ళు రాలుతున్న చప్పుడు, ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపించాయి.

"బోర్డు మీద నేను పెట్టింది ఉన్నదా?"

"ఉన్నది. రెండు నిమిషాల్ల ఎక్కిస్త."

"పెట్టింది పెట్టినట్టు ఎక్కియ్యి. ఈడ దుమ్ముల నా చెయ్యి నాకు కనవడ్తలేదు, ఎవడేడున్నడో తెల్వది. నా ఒంటె కదిలిందంటె అందరు బయిటికి పోయినట్టే అనుకుంట, అప్పుడు నేను నడుస్త. సరేనా చెల్లె?"

"సరే అన్నా."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

నేను కొట్టేసిన ఆ దిక్కుమాలిన సంఖ్యే బోర్డు మీద కార్డు ఉండే చోటు. బోర్డులోంచి ఏడు సంఖ్యలు లాగాను. టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపాను. చిన్న సంఖ్య పైన, పెద్ద సంఖ్య కింద. రాజమౌళి, సదయ్య, జావీద్, కనకయ్య, శ్రీశైలం, మొగిలి, ఓదెలు. రాజమౌళిది కొట్టేశాను. శ్రీశైలం, మొగిలి కూడలికి ఇవతల ఉన్నారు, కొంత క్షేమం. సదయ్య, జావీద్, కనకయ్య అవతల ఉన్నారు. కూడలిలో మా అన్న ఒంటె నిలబడి కొండను మోస్తోంది.

ఒంటెల చెవి ఇప్పుడు తొమ్మిది నిమిషాలు అంటోంది. ఒక్కొక్కరు కూడలి దాటి రావడానికి మూడు నిమిషాలు. అవతలి ముగ్గురూ వచ్చేసరికి ఆ తొమ్మిదీ అయిపోతాయి. అన్న కాలు కదపడానికి ముందే కప్పు దిగుతుంది. ఎంత వేగంగా చేసినా అన్నకు ఒక్క నిమిషం కూడా మిగలదు.

ఇంకో అంకె కూడా తెర మీద ఉంది. కూడలిలోంచి ఒంటె వెళ్ళిపోతే ఆ కప్పు నాలుగు నిమిషాలు నిలుస్తుంది, మూడు నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. నేను ఆ నాలుగును పట్టుకున్నాను. అన్న ముందు బయటపడితే, ఆ నాలుగు నిమిషాల్లో ముగ్గురూ పరుగెత్తి దాటేయొచ్చు కదా. సదయ్య మోకాలు సంగతి నాకు తెలుసు. దుమ్ములో పరుగు కుదరదనీ తెలుసు. నాలుగులోంచి మూడు తీసేస్తే ఒకటి మిగులుతుందనీ తెలుసు. అయినా లెక్క కుదిరింది, కుదరాలని నేను కోరుకున్నాను కాబట్టి.

ఓదెలు పక్కన ఉన్న పెద్ద సంఖ్య చెరిపి, ఒకటి వేశాను.

"ఎవరు ముందు?" అని పట్టాభి గారు వెనక నుంచి అడిగారు.

"సర్దారు పెట్టిన ప్రకారమే సార్," అన్నాను. ఆగు అన్నచోట కదులు అని రాసి ఎంటర్ నొక్కాను.

అన్న ఒంటె కాలెత్తింది. దాని కింద, హెల్మెట్ బిళ్ళను బట్టి తెర మీద కనిపించే వాడి చుక్క కదిలింది. నేను మాటిచ్చాను కాబట్టి వాడు నమ్మాడు. అందరూ పోయారనుకుని, వెనక ఎవరూ లేరనుకుని నడిచాడు. వెనక సదయ్య చుక్క, జావీద్ చుక్క, కనకయ్య చుక్క కూడలి వైపు పాకుతున్నాయి. నేను పళ్ళు బిగించి వాటిని నెడుతున్నాను, చూపుతో నెట్టగలిగినట్టు. యాభై సెకన్లు గడిచాయి. కూడలి కూలింది. మూడు చుక్కలూ ఒకేసారి ఆరిపోలేదు. జావీద్‌ది ఇంకొంత సేపు వెలిగింది, అది నేను చూశాను.

ఏడో గని నిట్టనిలువు గని కాదు, గుట్ట కిందికి ఏటవాలుగా దిగుతుంది. నాలుగో ప్యానెల్ నుంచి బయటికి పది నిమిషాల నడక. లోపల కొండ కూలినప్పుడు వచ్చిన గాలి సొరంగంలోంచి తన్నుకొచ్చి, గేటు రేకును పీకి అవతల పారేసింది. సైరన్ మోగింది, నేను కంట్రోల్ రూమ్‌లోంచి గేటు దగ్గరికి పరుగెత్తాను. క్వార్టర్లు గోడకు ఆవలే. చేతిలో పని చేతిలోనే ఉంచుకుని జనం వచ్చేశారు. సదయ్య భార్య ఈశ్వరి పిండి చేతులతో వచ్చింది. జావీద్ వాళ్ళ అన్న సలీం వచ్చాడు. స్వరూప వదిన ల్యాంప్ రూమ్‌లోంచి పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడి, నా మణికట్టు పట్టుకుంది.

మా అన్న బయటికొచ్చాడు. గాలి విసిరికొట్టినట్టుంది, రెండు చెవుల్లోంచి నెత్తురు కారుతోంది. ఒళ్ళంతా బొగ్గు మసి. వదిన నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. బతికాడు. ఆ క్షణం నాకు వేరే ఎవరూ గుర్తు రాలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను సంతోషపడ్డాను.

"అందరొచ్చినరా?" అని వాడు గట్టిగా అడిగాడు, తన గొంతు తనకు వినపడటం లేదు కాబట్టి. "సదయ్య ఏడి? జావీద్ ఏడి?"

వెనక శ్రీశైలం, మొగిలి ఒకరినొకరు పట్టుకుని బయటపడ్డారు. మొగిలి నేల మీద కూలబడి అన్న వైపు వేలు చూపించాడు.

"నీ ఒంటె నా ముందుకెళ్ళే పోయింది గద సర్దారూ! ఆళ్ళు ముగ్గురు లోపట్నే ఉన్నరు. కేకేసిన, నీకు ఇనవడలే. నువ్వు పోంగనే మొత్తం కూలింది."

అన్నకు మాటలు వినిపించాయో, పెదాలు చూసి పోల్చుకున్నాడో తెలియదు. గిరుక్కున తిరిగి సొరంగం వైపు పరుగెత్తాడు. ఇద్దరు పట్టి ఆపారు. విదిలించుకున్నాడు, మళ్ళీ ఆపారు. అప్పుడు ఆగి జనం మీదుగా నా వైపు చూశాడు. ఒక్క చూపు. మొత్తం తెలిసిపోయింది వాడికి. నేను తల దించుకున్నాను, ఆ దించుకోవడంలో మిగిలింది కూడా తెలిసిపోయింది.

"సర్దారువు ముందుగాల ఎట్లొచ్చినవ్?" ఈశ్వరి ఎదురుగా వచ్చి నిలబడింది. "నా పెనిమిటిని ఇడిసిపెట్టి ఎట్లొచ్చినవ్? నీ కార్డు పైకి ఎవడు పెట్టిండు?"

"నేనే," అన్నాడు మా అన్న. "భయమైంది. నా కార్డు నేనే పైకి పెట్టుకున్న."

ఈశ్వరి పిండి చేతులతో వాడి ముఖం మీద కొట్టింది. సలీం చేతిలో ఎవరిదో హెల్మెట్ ఉంది, దాంతో నెత్తి మీద కొట్టాడు. తరువాత ఎవరు ఏది కొట్టారో చెప్పలేను. దీపాల బ్యాటరీలు, రాళ్ళు, బూట్లు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కింద పడ్డాక కూడా తన్నారు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆరేళ్ళు వాడి వెనకాల నడిచిన మనుషులే, వాడు పెట్టిన వరుసలో ఇంటికి చేరిన మనుషులే కొట్టారు. వదిన వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి వాడి మీద అడ్డంగా పడుకుంది. ఎవరో వేసిన రాడ్డు ఆమె కుడి చేతి మీద పడింది.

నేను నోరు విప్పి ఒక్క మాట అంటే చాలు. అది వాడు కాదు, నేను అంటే చాలు. నేను అనలేదు. పట్టాభి గారు నా భుజం పట్టుకుని లోపలికి లాగుతుంటే వెళ్ళాను. నడిచే వెళ్ళాను, ఎవరూ ఈడ్చుకెళ్ళలేదు.

అన్న మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. తెలివి రాలేదు. గనిలో పనిచేసినవాడు పోతే పాడె మోయడానికి గనివాళ్ళే వస్తారు, చుట్టాలను దగ్గరికి రానివ్వరు, అది మా దగ్గర పద్ధతి. ఓదెలు సర్దారు పాడె మోయడానికి ఒక్కడూ రాలేదు. మేనమామ కొడుకులు నలుగురు మంచిర్యాల నుంచి వచ్చి మోశారు.

విచారణకు వచ్చిన అధికారి టేబుల్ చూశాడు. ఓదెలు పక్కన ఒకటి ఉంది. అంతకు ముందు అక్కడ ఏముందో, ఎవరు మార్చారో టేబుల్‌కి తెలియదు. దానికి చివరగా రాసిందే తెలుసు. మార్పులు నమోదు చేసే ఏర్పాటు తరువాత పెడదామని నేనే వాయిదా వేశాను. "అతను అందరి ముందూ ఒప్పుకున్నాడు. మీరు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు మమత గారూ," అన్నారు పట్టాభి గారు. ఆయన ముఖంలో ఎంత నిమ్మళం ఉందంటే, ఆ ముఖం మీద పేపర్‌వెయిట్ విసిరాను. పెదవి చిట్లింది. ఆయన దాని మీద కేసు పెట్టలేదు.

పదకొండో రోజు పనులయ్యాక వదిన దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. పాత బోర్డు తీసి చూపించాను. అందులో ఏడు కార్డులు అన్న పెట్టినట్టే ఉన్నాయి. అడుగున ఓదెలు. ఎందుకు మార్చానో, ఏ అంకెను పట్టుకుని మార్చానో, గేటు దగ్గర ఎందుకు నోరు మూసుకున్నానో అన్నీ చెప్పాను. వదిన కుడి చెయ్యి సిమెంటు కట్టులో ఉంది. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, ఆ ఏడు పేర్లను పై నుంచి కింది దాకా చదివింది. తిడుతుందనుకున్నాను, చంపుతుందనుకున్నాను.

"నీ మాట నమ్మి నడిచిండన్నట్టు," అంది.

"అవును వదినా."

"పిల్లలు బడికి పోతలేరు. పిరికోని పిల్లలని పిలుస్తున్నరట. చిన్నోడు అడుగుతున్నడు, నాయిన నిజంగనే పారిపోయొచ్చిండా అని." ఫోను నా చేతిలో పెట్టింది. "నాలుగిండ్లున్నయ్. రాజమౌళిది, సదయ్యది, జావీద్‌ది, కనకయ్యది. నువ్వు ఇంటింటికి పొయ్యి, ఇప్పుడు నాకు చెప్పింది ఆళ్ళకు చెప్పు."

"కొడతారు వదినా."

"కొట్టనియ్యి," అంది. లేచి చెప్పులు వేసుకుంది.

ముందు సదయ్య ఇల్లే. మధ్యాహ్నం మూడు దాటింది. ఈశ్వరి గుమ్మంలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను, బోర్డు చూపించాను, నా వేలితో ఒకటి వేశానని చెప్పాను. ఆమె ఆఖరిదాకా వింది. తరువాత లోపలికి వెళ్ళి రోకలి తెచ్చింది. మొదటి దెబ్బకు భుజం ఎముక విరిగింది. రెండోది పక్కటెముకల మీద పడింది, ఊపిరి అందక మట్టిలో బోర్లా పడ్డాను. మూడోది వీపు మీద. ఆమె కొడుతూ ఏడవలేదు, రోకలి కింద పారేశాకే ఏడ్చింది. వదిన దూరంగా వేపచెట్టు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. అడ్డం రాలేదు.

ఈశ్వరి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాక వదిన వచ్చింది. నా నోట్లో మట్టి తన కొంగుతో తుడిచింది. విరగని నా చెయ్యిని తన మెడ మీదుగా వేసుకుని, విరగని తన చెయ్యి నా నడుము చుట్టూ వేసి లేపింది. ఇద్దరం జావీద్ ఇంటి వైపు నడిచాం.